కట్ట మీది నుంచి కొర్రమట్టను పట్టడం ఎలా

కొత్తగా గాలం పట్టినవాళ్లు కట్ట ఎక్కగానే బలం కొద్దీ చెరువు నడిమికి విసురుతారు. ఎంత దూరం పడితే అంత పెద్ద చేప తగులుతుందని ఒక నమ్మకం. ఆ నడిమి నీళ్లలో తిరిగేవి రవ్వలు, బొచ్చెలు. కొర్రమట్ట (కొరమీను) మాత్రం మీరు నిలబడ్డ రాళ్ల కిందనో, తుంగ మొదట్లోనో, తామరాకు నీడలోనో కదలకుండా ఉంటుంది. చాలాసార్లు మన చెప్పుల చప్పుడుకే అది లోపలికి జారిపోతుంది, మనం దాని తల మీదుగా అవతలికి విసురుతూ ఉంటాం. అందుకని దూరం విసరడం తర్వాత నేర్చుకోవచ్చు. ముందు ఒడ్డు వెంబడి రెండు మూడు గజాల నీళ్లలో ఏముందో కనిపెట్టడం నేర్చుకోండి.

ఇక్కడ రాసేది వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ, కరీంనగర్ వైపు చెరువులకు సరిపోయే పద్ధతి. గోదావరి మీది పెద్ద ప్రాజెక్టుల లెక్క వేరు.

చేప తీరు ముందు తెలుసుకోండి

కొర్రమట్ట వెంటపడి తరిమే రకం కాదు. ఒక చాటు చూసుకొని, రంగు మట్టిలో కలిసిపోయేలా పడుకొని, దగ్గరికి వచ్చిన కప్పనో పరక పిల్లనో ఒక్క ఊపున మింగుతుంది. ఆ ఊపు రెండు మూడు అడుగులు దాటదు. కాబట్టి మీ ఎర దాని ముంగిట్లోకి పోవాలి. అది మీ ఎర కోసం చెరువంతా తిరగదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. దీనికి మొప్పలు ఒక్కటే చాలవు. మొప్పల పైన తలలో గాలి పీల్చుకునే అర ఉంటుంది. అందుకని అది ఊపిరి కోసం మధ్యమధ్యలో పైకి రావాల్సిందే. వచ్చినప్పుడు ‘బుడుంగ్’మని చిన్న చప్పుడు, ఒక సుడి, రెండు బుడగలు. కట్ట మీద పావుగంట ఊరికే కూర్చుంటే ఆ చెరువులో కొర్రమట్ట ఉందో లేదో, ఉంటే ఏ వైపు ఉందో తెలిసిపోతుంది. చాలామందికి ఈ పావుగంట ఓపిక ఉండదు. కట్టెకు రీల్ బిగించే లోపే ఈ పని చేసేయొచ్చు, డబ్బు ఖర్చు లేదు.

2016లో దీన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. మృగశిర కార్తె నాడు దీని రేటు ఎంత ఎక్కుతుందో చూసినవాళ్లకు ఆ ప్రకటన పెద్ద వింతగా అనిపించి ఉండదు.

ఎవరిని అడగాలి

మన ఊళ్లలో చెరువు ఎవరిదీ కాదనుకోవద్దు. చేపల మీద హక్కు ఊరి మత్స్యకార సంఘానిది. ముదిరాజులో, గంగపుత్రులో పిల్ల పోసి, కాపలా కాసి, వలలు వేసి బతికే నీళ్లవి. ప్రభుత్వం పోసే పిల్లల్లో ఎక్కువగా ఉండేవి బొచ్చె, రవ్వ, బంగారుతీగ. కొర్రమట్ట చాలావరకు దానంతట అది పెరిగేదే. పైగా అది సంఘం పోసిన పిల్లలను తింటుంది కూడా, కాబట్టి మీరు దాన్ని పడతామంటే చాలాచోట్ల కాదనరు.

కానీ అడగకుండా కూర్చోవద్దు. పొద్దున్నే వల తీసేవాళ్ల దగ్గరికి పోయి, ‘అన్నా, ఒక్క గాలం కట్టె పట్టుకొచ్చిన, కొర్రమట్ట కోసమే, మీ రవ్వల జోలికి పోను’ అంటే సరిపోతుంది. కొందరు ఎంతో కొంత ఇవ్వమంటారు, ఇవ్వండి. కొందరు ఫలానా వారం వల వేస్తున్నాం, అప్పుడు రావద్దంటారు, పోవద్దు. ఆ మాట కలిపితే ఇంకో లాభం ఉంది: ఏ మూలన కొర్రమట్ట ఊపిరి తీస్తోందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది. అక్కడ అటవీ శాఖ వాళ్లను అడగకుండా కట్టె బయటికి తీయొద్దు. తాగునీటి చెరువుల దగ్గర బోర్డు ఏమంటే అది. లక్నవరంలో, రామప్ప కట్ట మీద జనం తిరిగే వైపు విసరకండి, వెనక్కి ఊపిన గాలం పిల్లల మొహాలకు తగిలే ఎత్తులో ఉంటుంది. బతుకమ్మను సాగనంపే రేవుల్లో అసలే వద్దు. అక్కడ తెగిపోయిన గాలం ఎవరికీ కనిపించదు, ఆడవాళ్లు ఒట్టి కాళ్లతో దిగుతారు.

సామాను

బొంగు కట్టె, తంగూసు (నైలాన్ దారం), బెండు, ఎర్రలు. దీంతో కూడా కొర్రమట్ట పడుతుంది, మన పెద్దలు పట్టింది దీంతోనే. కానీ కట్ట మీద నడుస్తూ వెతికి పట్టాలంటే రీల్ ఉన్న కట్టె కావాలి.

కట్టె ఏడు అడుగులది, కొన దగ్గర కొంచెం వంగుతూ నడుము గట్టిగా ఉన్నది తీసుకోండి. షాపులో ‘మీడియం హెవీ’ అంటే ఇస్తారు. మరీ మెత్తటి కట్టెతో గాలం దాని దవడకు దిగదు. దవడ ఎముక గట్టిది. రీల్ 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీల్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు. డబ్బు పెట్టాలంటే దారం మీద పెట్టండి. 30 నుంచి 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన) దారం వేయించండి. సాదా తంగూసు సాగుతుంది. తుంగలో చిక్కిన చేపను లాగేటప్పుడు ఆ సాగుడే మన కొంప ముంచుతుంది. బ్రెయిడ్‌కు చివర రెండు మూడు అడుగుల మందపాటి తంగూసు కలపండి, రాళ్లకు రాసుకుంటే తట్టుకుంటుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా బిగిస్తే దారం వేడెక్కి అక్కడే తెగుతుంది.

ఎర విషయానికి వస్తే రబ్బరు కప్ప ఒక్కటి ఉంటే చెరువులో ముప్పావు వంతు పని అయిపోతుంది. బోలు కడుపు, వీపు మీదికి ఆనించి ఉన్న రెండు కొక్కేలు, వెనక రబ్బరు కాళ్లు. కొక్కేలు వీపుకు ఆనుకొని ఉంటాయి కాబట్టి ఆకుల మీద, గుర్రపుడెక్క మీద పాకించినా చిక్కదు. చేప నోరు మూసినప్పుడు కడుపు నొక్కుకుపోయి కొక్కేలు బయటపడతాయి. కొత్తది కొనగానే రెండు పనులు చేయండి. కాళ్లు మరీ పొడుగుంటే సగానికి కత్తిరించండి, లేకపోతే చేప కాళ్లు కరిచి వదిలేస్తుంది. కొక్కేల మొనలను పటకారుతో వెంట్రుకవాసి పైకి వంచండి. నల్ల కప్ప ఒకటి, పసుపో ఆకుపచ్చో ఒకటి ఉంటే చాలు. మబ్బులో, చీకటి పడే వేళ నల్లది బాగా కనిపిస్తుంది. రంగుల గురించి యూట్యూబ్‌లో జరిగే చర్చంతా వదిలేయండి.

బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చే పద్ధతి ఇంకా అక్కడక్కడా ఉంది. నాకు నచ్చదు. రబ్బరుది పనిచేస్తున్నప్పుడు దాని అవసరమూ లేదు, పొలంలో పురుగులను తినే జీవిని పట్టుకొచ్చి చంపడం రైతుకూ నష్టమే.

ఇంకా కావాల్సినవి: ముక్కు పొడుగు పటకారు, తడి గుడ్డ, మూత ఉన్న బకెట్టు లేదా గోనె సంచి, అడుగు జారని చెప్పులు, నీళ్ల బాటిల్. పోలరాయిడ్ కళ్లద్దాలు ఉంటే నీళ్ల మీది మెరుపు పోయి రాళ్ల సందులు కనిపిస్తాయి.

ఏ కాలం, ఏ పొద్దు

వానలు తగ్గి చెరువు నిండి నిలకడగా ఉన్న అక్టోబర్, నవంబర్ మంచి కాలం. నీళ్లు తేటపడతాయి, చేప ఆకలి మీద ఉంటుంది. డిసెంబర్, జనవరి చలిలో మందగిస్తుంది. అప్పుడు తెల్లవారుజామున పోయి వణకడం దండగ. పది దాటాక ఎండ పడే వైపు ఒడ్డున చూడండి. ఫిబ్రవరి నుంచి మళ్లీ ఊపందుకుంటుంది.

యాసంగికి తూము ఎత్తి నీళ్లు వదిలే రోజుల్లో చెరువు రోజూ కొంచెం కొంచెం తగ్గుతుంది. సముద్రం ఒడ్డున పట్టేవాళ్లు ఆటుపోట్లు చూసుకున్నట్టు మనం తూము చూసుకోవాలి. నీళ్లు తగ్గేకొద్దీ శిఖంలోని, అంటే కట్టకు ఎదురుగా ఉండే పల్లపు అంచులోని తుంగ ఎండి బయటపడుతుంది, అందులో ఉన్న కొర్రమట్టలు కాలువ గాడి వెంబడి తూము వైపు వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మడుగులో ఎక్కువ చేపలు కూడతాయి. ఎండాకాలం చివర పూర్తిగా ఎండిన చెరువులో ఇవి బురదలో దూరి తేమ మీదే బతుకుతాయి.

రోజులో అయితే పొద్దున వెలుగు వచ్చినప్పటి నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఒక అవకాశం ఉంది: అప్పుడవి దట్టమైన ఆకుల కింద నీడలో ఉంటాయి, కప్పను ఆ ఆకుల మీదే పాకించాలి.

చోటు ఎంచుకోవడం

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువైనా, మిషన్ కాకతీయలో పూడిక తీసినదైనా, చూడాల్సిన చోట్లు అవే.

రాతికట్టు: కట్ట లోపలి వాలుకు పేర్చిన రాళ్లు. ఎక్కడైనా ఒక రాయి జారి బొరియ ఏర్పడితే, పక్కన కొంచెం గడ్డి కూడా ఉంటే, అక్కడ కొర్రమట్ట ఉండే అవకాశం ఎక్కువ. నునుపుగా, వరుస చెడకుండా ఉన్న కొత్త రాతికట్టు కంటే పాడుబడ్డ పాత కట్ట మేలు.

తూము: తూము దగ్గరికి పోయే మెట్టు మీద నిలబడితే లోతు నీళ్లు కాళ్ల కిందే ఉంటాయి. తూము ఎత్తి ఉన్నప్పుడు మాత్రం దూరంగా ఉండండి. పైకి నీళ్లు నిలకడగా కనిపిస్తాయి, కింద లాగుడు మనిషిని వదలదు.

మత్తడి: చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు. మత్తడి దుంకే రోజుల్లో కొర్రమట్టలు పారే నీటికి ఎదురెక్కుతాయి. కింద వైపు వాగు మలుపుల్లో, ప్రవాహం పక్కన నిలిచిన నీళ్లలో వెతకండి. మత్తడి గోడ మీద నిలబడొద్దు. పాకురు పట్టిన గోడ మీద మోకాలి లోతు నీళ్లు చాలు, మనిషి పోవడానికి.

శిఖం వైపు: కట్టకు ఎదురుగా పొలాలు, తుమ్మచెట్లు, తుంగ, జమ్ము ఉన్న పల్లపు అంచు. ఎక్కువ చేపలు ఇక్కడే. నడవడం కష్టం, పాములు ఉంటాయి, పూడిక తీసిన గుంతలు నీళ్ల కింద కనిపించవు. మోకాలి లోతు అనుకొని వేసిన అడుగు తలలోతుకు పోవచ్చు. నీళ్లలోకి దిగకుండా గట్టు మీది నుంచే విసరండి.

గాలి సంగతి కూడా చూడండి. రాత్రంతా ఒకే వైపు వీస్తే గుర్రపుడెక్క, నాచు కొట్టుకొచ్చి ఒక ఒడ్డున చాపలా పరుచుకుంటుంది. పొద్దున ఆ చాప అంచు వెంబడి, దానికి పడిన చిల్లుల్లో కప్పను ఆడించడం ఈ వేట మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన పని.

విసిరే వరుస

నీళ్లకు నాలుగు గజాల దూరంలో ఆగండి. సూర్యుడు వీపు వెనక ఉంటే మీ నీడ మీకంటే ముందు నీళ్లలో పడుతుంది, కాబట్టి ఎండ పక్కనుంచో ఎదురుగానో ఉండేలా నిలబడండి. ఫోన్ మాటలకు చేప బెదరకపోవచ్చు, రాయి కదిలిన అదురుకు మాత్రం కచ్చితంగా బెదురుతుంది.

మొదటి విసురు కట్టకు సమాంతరంగా ఎడమకు, రాళ్లకు గజం దూరంలో. రెండోది అలాగే కుడికి. మూడు, నాలుగు ఏటవాలుగా. నేరుగా నడిమికి విసిరేది అన్నిటికన్నా చివర, అదీ అక్కడ ఆకో, మునిగిన చెట్టో కనిపిస్తేనే. ఏమీ రాకపోతే పది అడుగులు జరగండి, మళ్లీ ఇదే వరుస. ఒకే చోట గంటసేపు కొట్టే బదులు కట్ట పొడవునా ఇలా పోతే కప్ప ఎక్కువ ముంగిళ్ల ముందుకు పోతుంది.

కప్పను చోటు మీద పడేయొద్దు. చేప ఉందనుకున్న చోటుకు రెండు గజాలు అవతల వేసి, లాక్కుంటూ అక్కడికి తీసుకురండి. వీలైతే ముందు ఒడ్డు గడ్డి మీదో ఆకు మీదో పడేలా వేసి, నిజం కప్ప దూకినట్టు నీళ్లలోకి జార్చండి. కట్టె కొన కిందికి ఉంచి చిన్నచిన్న కుదుపులు ఇవ్వండి, ప్రతి కుదుపు తర్వాత దారం కాస్త వదులు చేయండి. కప్ప తల అటూ ఇటూ తిప్పుతూ వస్తుంది. ఆకుల మధ్య ఖాళీ దగ్గరికి రాగానే ఆపండి. రెండు మూడు క్షణాలు కదిలించొద్దు. చాలాసార్లు దెబ్బ పడేది కప్ప ఆగినప్పుడే.

ఊపిరి తీసిన సుడి కనిపిస్తే సరిగ్గా ఆ సుడి మీద వేయకండి. అది గాలి పీల్చుకొని కిందికి పోతూ ఉంటుంది, నెత్తిన ఏదైనా పడితే పారిపోతుంది. తల ఏ వైపు తిరిగిందో చూసి, ఆ దిక్కున నాలుగైదు అడుగులు ముందు వేసి అడ్డంగా లాగండి.

మధ్యమధ్యలో కప్పను పిండి లోపల చేరిన నీళ్లు తీసేయాలి. నీళ్లు నిండిన కప్ప మునుగుతుంది, కొక్కేలు కూడా నాచు పట్టుకుంటాయి.

దెబ్బ పడ్డాక

కొర్రమట్ట కొట్టే చప్పుడుకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ కంగారులో వెంటనే లాగితే కప్ప మీ మొహం మీదికి ఎగిరి వస్తుంది, చేప ఉండదు. నీళ్లు చిమ్మినా లాగొద్దు. కట్టె కొన చేప వైపే ఉంచి, వదులు దారం చుట్టుకోండి. ఒకటి, రెండు అని మనసులో అనుకోండి. దారానికి బరువు తెలియగానే రెండు చేతులతో గట్టిగా ఒక్కసారి కట్టె పైకి లేపండి. బరువు తెలియలేదంటే అది మింగలేదు. కప్పను అక్కడే ఉంచి కొంచెం వణికించండి, అదే చేప మళ్లీ వస్తుంది. మళ్లీ రాకపోతే రెండు నిమిషాలు ఆగి అదే దారిలో ఇంకోసారి లాగండి.

తగిలాక ఆట ఆడించే సంగతి మరిచిపోండి. రవ్వకైతే దారం వదులుతూ అలసిపోయేదాకా ఆడించొచ్చు. కొర్రమట్టకు ఒక్క గజం వదిలినా తుంగలో దూరి నాలుగు చుట్లు చుట్టుకుంటుంది. అందుకే రీల్ డ్రాగ్ (దారం జారకుండా ఆపే బిగువు) ముందే బిగించి ఉంచాలి, చేత్తో గట్టిగా లాగితేనే దారం జారేంతగా. చేప తల పైకి లేపి, ఆకుల మీదుగా జార్చుకుంటూ ఆపకుండా తీసుకురండి. చిక్కుకుంటే దారం బిగువుగా పట్టుకొని కాసేపు ఆగండి, ఒక్కోసారి అదే వెనక్కి తిరిగి బయటికి వస్తుంది. దాన్ని విడిపించడానికి ఈత కొట్టుకుంటూ పోవద్దు. రెండు వందల రూపాయల కప్ప కోసం ఆ పని ఎవరూ చేయకూడదు.

ఒడ్డుకు వచ్చాక దారం పట్టి ఎత్తకండి. నీళ్ల అంచు నుంచి బాగా లోపలికి ఈడ్చుకొచ్చి తడి గుడ్డతో తల వెనక పట్టుకోండి. ఒళ్లంతా జిగురు, ఒట్టి చేతిలో నిలవదు. నోట్లో పళ్లు ఉంటాయి, వేలు పెట్టకుండా పటకారుతోనే కొక్కెం తీయండి.

బకెట్టులో వేసేటప్పుడు అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు. నిండా నీళ్లు పోసి మూత బిగిస్తే పైకి వచ్చి గాలి తీసుకునే చోటు లేక చేప ఊపిరాడక చస్తుంది. మూత లేకపోతే దూకి వాలు మీద పాకుతూ మళ్లీ చెరువులో పడుతుంది. తడి గోనె సంచిలో నీడన పెట్టినా ఇంటికి పోయేదాకా బతికే ఉంటుంది.

వదిలేయాల్సినవి

వానాకాలంలో గడ్డి మధ్య నీళ్ల మీద ఎర్రగా, నారింజ రంగులో కదిలే ముద్ద కనిపిస్తే అవి కొర్రమట్ట పిల్లలు. గుంపంతా ఒక్కసారి పైకి వచ్చి గాలి తీసుకొని కిందికి పోతుంది. తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి, దగ్గరికి ఏది వచ్చినా కొడతాయి. కప్ప వేస్తే మొదటి విసురుకే దెబ్బ పడటం దాదాపు ఖాయం, ఇంత సులువైన చేప ఇంకోటి దొరకదు. వేయకండి. పెద్దవి పోయిన గంటలో ఆ పిల్లలను పరకలు, జెల్లలు ఏరుకొని తినేస్తాయి. వానకాలం దాటాక అదే చెరువుకు మీరు మళ్లీ పోవాలి కదా.

అడుగు పొడవు లేని చేపను కూడా వదిలేయండి. కూరకు వచ్చేదీ తక్కువ, ఇంకో ఏడాది ఉంటే గుడ్డు పెడుతుంది.

కప్పకు ఏదీ రాని రోజు

అలాంటి రోజులు ఉంటాయి, ముఖ్యంగా నీళ్లు ఎర్రగా బురదగా ఉన్నప్పుడు. అప్పుడు బెండు కట్టి, చచ్చిన పరక పిల్లనో ఎర్రల గుత్తినో కొక్కేనికి గుచ్చి, తుంగ అంచున రెండడుగుల లోతులో వేలాడదీసి కూర్చోండి. బెండు ఒక్కసారి మునిగి పక్కకు నడిచిపోతే కొర్రమట్ట. టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే జెల్ల, దాని ముల్లు జాగ్రత్త. అడుగున వేస్తే బొమ్మిడాయిలు కూడా వస్తాయి, పులుసుకు అవి తక్కువేమీ కాదు.

ఉరుము వినిపించగానే కట్టె మడిచేయండి. ఇప్పటి కట్టెలు చాలావరకు కార్బన్‌వి, కరెంటును పట్టుకుంటాయి. అదే కారణంగా శిఖం పొలాల్లో మోటార్లకు లాగిన తీగల కింద కట్టె నిలువుగా పట్టుకొని నడవొద్దు. చెరువులో ఎవరైనా కరెంటు పెట్టి చేపలు పడుతుంటే నీళ్ల అంచుకు కూడా పోకుండా వెనక్కి వచ్చేసి, సంఘం వాళ్లకు ఫోన్ చేయండి.

ఇంటికి తెచ్చాక జిగురు పోవాలంటే రాళ్ల ఉప్పు గానీ కట్టెల బూడిద గానీ చల్లి గరుకు బండ మీద రుద్దాలి. పొలుసు తోక నుంచి తల వైపుకు గీకండి. తల పారేయకుండా రెండుగా చీల్చి పులుసులో వేయండి. చింతపండు కొంచెం ఎక్కువే పడుతుంది. ముక్క వేశాక గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకొని తిప్పండి.